తుపాను కబురు, జీడి ధర: సంఘపు తెరమీదికి వచ్చు దారి

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున 4.30, 5.30 గంటల నడుమ తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరమును దాటెను. గాలివేగము గంటకు 140 మొదలు 150 కిలోమీటర్లనియు, విసురున 165 వరకు పోయెననియు వాతావరణశాఖవారు తెలిపిరి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలములలో కొబ్బరిచెట్లు వేళ్లతో లేచిపోయినవి, జీడితోటలు నేలకొరిగినవి. కొబ్బరి మొక్క నాటిన ఐదారేండ్లకుగాని కాపునకు రాదు. ఒక్క తెల్లవారుజామున పోయినది ఎన్నేండ్ల కష్టమో ఉద్దానపు రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే ఆ తుపాను చెప్పకుండ వచ్చినది కాదు. అక్టోబరు 8న వాయుగుండమై, 9న తుపానై, 10న అతితీవ్ర తుపానై, ప్రతి దశయందును దానిని గూర్చిన ప్రకటనలు వెలువడుచునే యుండెను. తుపాను పుట్టిన పిమ్మట వాతావరణశాఖవారు మూడేసి గంటలకొక ప్రకటన చేయుదురు. తీరమునకు దగ్గరపడినకొలది ఇంకను తరచుగ చేయుదురు. కబురు బయలుదేరుట వేరు. అది మన గుమ్మమునకు చేరి మనకర్థమగుట వేరు. ఆ రెండింటి నడుమ నున్న దూరమును గురించియే ఈ వ్యాసము.

ఇపుడీ సంగతి సహకార సంఘముల పత్రికలో నేల వచ్చెనని సభ్యులు అడుగవచ్చును. 2022 జూన్ 29న కేంద్రప్రభుత్వమువారు దేశములోని ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలో తొలుత 63,000 సంఘములకు కంప్యూటర్లు సమకూర్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించిరి. సంఘపు కచేరీలోనికి యంత్రము వచ్చిన పిమ్మట అప్పుల లెక్కలతో ఆగుట ఎవరికిని తృప్తిగ నుండదు. నేటి జీడిపిక్కల ధర యెంత, రేపు వాన కలదా, సముద్రము మీద ఏమున్నది అను మూడు సంగతులను తెరమీద చూపు వెబ్ అప్లికేషను ఒకటి యుండిన బాగుండునని తోచుట సహజము. అట్టిదానిని చేసి యిత్తుమని వచ్చువారును కలరు. దానిని చేయించుకొనువారు కొంత తెలిసికొని చేయించుకొనవలయును.

మొట్టమొదట తెలిసికొనవలసినది, ఆ తెరకు స్వయముగ ఏమియు తెలియదని. అది తనకు దూరముగనున్న మరియొక యంత్రమును అడిగి, అది చెప్పినదానిని మనకు చూపును. పలాస రైల్వేస్టేషనును మనమందరము ఎరుగుదుము. పక్క స్టేషనువరకు పట్టాలమీద బండి యున్నదో లేదో పలాస స్టేషనుమాస్టరు కంటితో చూడజాలడు. రైల్వేలో తరతరములుగ నున్న పద్ధతి యేమనగా, అతడు పక్క స్టేషనును అడుగును. అక్కడివారు లైను క్లియరు ఇచ్చినగాని బండిని కదలనీయడు. జవాబు రాకున్నచో పట్టా ఖాళీగనే యుండునని అతడు ఊహించుకొనడు. ఈ కడపటి మాటను సభ్యులు మనసున నుంచుకొనవలయును. ముందుముందు దీనితో పనియున్నది.

యంత్రము యంత్రమును అడుగుటకు ఏర్పరచిన ద్వారమును ఏపీఐ అందురు. అడుగువాడు ఏ చిరునామాకు వ్రాయవలయునో, ఏయే వివరములీయవలయునో, జవాబు ఏ క్రమమున వచ్చునో ముందుగనే నిర్ణయింపబడియుండును. కొన్ని సేవలు అడిగినవారికెల్ల జవాబిచ్చును. కొన్ని ముందుగ పేరు నమోదుచేసికొని ఒక తాళపుచెవి వంటి అక్షరవరుసను ఇచ్చును. మరికొన్నింటికి దరఖాస్తు పెట్టి, మన సర్వరు చిరునామాను వారి పట్టికలో చేర్పించుకొనవలసియుండును. ఆ తాళపుచెవి సంఘపు సర్వరులో నుండవలెనేగాని, అందరి ఫోనులకు పోవు పుటలో నుండరాదు. పుటలో నున్నదానిని ఎవరైనను తీసి చదువగలరు. గుమ్మము తాళపుచెవిని గుమ్మమునకే వ్రేలాడదీయుట ఎట్టిదో ఇదియు నట్టిదే. ఒక గంటలో ఇన్నిమారులు మాత్రమే అడుగవచ్చునని సేవలు పరిమితి పెట్టును. మన చెవితో ఇతరులు అడిగి ఆ పరిమితిని ముగించిరేని, మనము అడిగినపుడు 429 అను అంకెతో త్రిప్పిపంపబడుదుము. అది తుపాను దినమున జరిగిన నెట్లుండునో ఆలోచింపుడు.

అడుగుటలో తప్పు జరిగిన, జవాబు రాకపోవుట యొక్కటే ప్రమాదము కాదు. తప్పుడు జవాబు నిర్భయముగ వచ్చుట అంతకంటె ప్రమాదము. పలాస యుండు చోటు ఉత్తర అక్షాంశము సుమారు 18.77, తూర్పు రేఖాంశము 84.42. వానకబురు చెప్పు సేవలకు ఊరిపేరుకంటె ఈ రెండంకెలే ముఖ్యము. కొన్ని పద్ధతులలో అక్షాంశము ముందు వ్రాయుదురు. జియోజేసన్ అను పద్ధతిలో రేఖాంశము ముందు వ్రాయుదురు. తారుమారైనచో మన తెర అడుగునది 84.42 ఉత్తరము, 18.77 తూర్పున నున్న చోటును గురించి. అది స్వాల్బార్డు దీవులకంటెను ఉత్తరమున నున్న మంచుసముద్రము. ప్రపంచమంతటికిని లెక్కకట్టు సేవ దీనికి ఏమాత్రమును ఆక్షేపింపదు; అక్కడి చలిని డిగ్రీలతో సహా చెప్పును. మే నెలలో కాశీబుగ్గ బజారున సున్నకు దిగువ చలి కనబడిన నవ్వుకొని దిద్దుకొందుము. కాని వానపడు అవకాశము నూటికి పది అని కనబడిన ఎవరికిని అనుమానము రాదు.

ఇక ధరల సంగతి. వ్యవసాయ మార్కెట్ల ధరలను సేకరించు ఆగ్‌మార్క్‌నెట్ 2000 సంవత్సరమున ఆరంభమైనది. ప్రభుత్వపు బహిరంగ సమాచార స్థానమునుండి దినదినపు ధరలను ఏపీఐ ద్వారమున తెప్పించుకొనవచ్చును. జవాబులో రాష్ట్రము, జిల్లా, మార్కెటు, సరుకు, రకము, సరుకు వచ్చిన తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర అని వరుసగ నుండును. ధరలన్నియు క్వింటాలునకు.

చిక్కు ఇక్కడనే కలదు. ఉద్దానమున జీడిపిక్కల బేరము 80 కిలోల బస్తా మీద జరుగును. తెరమీద 15,000 అని కనబడినదనుకొందము. ఈ అంకె ఉదాహరణకే వ్రాసితిని; నేటి ధర యని తలపవలదు. క్వింటాలు 15,000 అయిన బస్తా 12,000. ఇంటికి వచ్చిన వర్తకుడు బస్తాకు 12,500 ఇత్తుననెను. తెరను చూచి వచ్చిన రైతు తనకు 2,500 తగ్గించుచున్నాడని కోపగించి అతనిని త్రిప్పిపంపెను. నిజమునకు వర్తకుడు చెప్పినది క్వింటాలునకు 15,625 చొప్పున పడుచున్నది. అనగా తెరమీది ధరకంటె ఎక్కువ. ఇందు యంత్రము అబద్ధమాడలేదు, వర్తకుడు మోసగింపలేదు, రైతు తెలివితక్కువవాడు కాడు. నడుమనున్న పుట "క్వింటాలునకు" అను ఒక్క మాటను వ్రాయలేదు. అంతియకాదు, ఈ ప్రాంతమునకు చేసిన పుట అయినచో క్వింటాలు ధర ప్రక్కనే బస్తా ధరను గూడ గుణించి చూపవలయును. ఇది చేయుటకు ఒక్క వరుస ప్రోగ్రాము చాలును.

తేదీ సంగతియు నిట్టిదే. 05/04 అని వచ్చినదానిని మనము ఏప్రిల్ 5 అని చదువుదుము. అమెరికా పద్ధతిని అలవడిన ప్రోగ్రాము దానిని మే 4గ చదువును. ఏప్రిల్ 5నాటి ధర మే మొదటివారమున సరికొత్త ధరగ కనబడును. పిక్కలు రాలి, ఎండి, అమ్మకమునకు వచ్చు నెలలే యవి! నెల దినముల నాటి ధరను నేటి ధరగ నమ్మి అమ్మినవాడు పోగొట్టుకొనునది ఎవరు తిరిగి యిత్తురు?

మరియొక మాట గూడ నిష్కర్షగ చెప్పవలసియున్నది. మన జీడిపిక్కల వర్తకము చాలవరకు వర్తకులతోను, ఫ్యాక్టరీలతోను నేరుగ జరుగును. అందుచేత ప్రభుత్వపు పట్టికలో మన ప్రాంతపు వరుస కొన్ని దినములు లేకపోవచ్చును. ఖాళీని చూచి చిన్నతనముగ భావించి, మరియొక రాష్ట్రపు మార్కెటు ధరనో, ఒలిచిన పప్పు ధరనో తెచ్చి అచ్చట నింపు ప్రోగ్రాములు కలవు. పిక్క ధరకును పప్పు ధరకును పోలికయే లేదు. నా అభిప్రాయమున, ఖాళీగనుండు చోటు ఖాళీగనే యుండి, "ఈ దినము ధర రాలేదు" అని వ్రాసియుండుట మర్యాద. సంఘపు సభ్యులు ఐదారుగురు తాము అమ్మిన ధరలను తేదీతో వ్రాసి యిచ్చిన, ఆ పట్టికను వేరుగ చూపవచ్చును. అది చిన్నదైనను మన ఊరిది.

వానకబురు విషయమున తెలియవలసినది వేరొకటి. భూమినంతటిని గడులుగ విభజించి, ఒక్కొక్క గడికి వానను లెక్కకట్టుట నేటి పద్ధతి. గడి ప్రక్క కొన్ని సేవలలో పది పన్నెండు కిలోమీటర్లుండును. అక్షాంశ రేఖాంశములను చుక్క తరువాత రెండంకెలవరకు అడిగినంత మాత్రమున మన తోట గట్టుమీది వాన తెలియదు. మన తోట యే గడిలో పడునో ఆ గడి లెక్కయే వచ్చును. మనకు ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క మహేంద్రగిరి. కొండప్రక్క కురిసిన వాన ఉద్దానపు ఇసుకనేలమీద చినుకైనను పడకపోవచ్చును. పిక్కలను కళ్లమునందు ఆరబోసినవాడు గడి లెక్కను గడి లెక్కగనే చూచుకొని, ఆకాశమును గూడ చూచుకొనవలయును. 2019లో వెలువడిన మేఘదూత్ అను ఫోను సాధనమున మంగళ, శుక్రవారములలో జిల్లా వ్యవసాయ సలహాలు వచ్చుచుండును. సంఘపు తెర దానికి పోటీగ నుండనక్కరలేదు. సలహా వ్రాసిన తేదీని విడువక చూపిన చాలును.

ఇపుడు తుపాను హెచ్చరికకు వత్తము. కళింగపట్టణము రేవున ప్రమాదసూచిక ఎగురవేసిరను వార్తను వినని తీరవాసి లేడు. పగలు గుర్తులు, రాత్రి దీపములు. ఒక్కొక్క సంఖ్యకు ఒక్కొక్క అర్థము. ఆ పద్ధతిలో గొప్పతనమేమనగా, ఎగురవేయుట యెంత విధియో, దించుట యంత విధి. దించని సూచికను నాలుగుదినములు చూచిన పడవవాడు ఐదవదినము దానిని లెక్కచేయడు.

యంత్రముల నడుమ హెచ్చరికలు పంపుటకు నేడు ప్రపంచమంతట వాడుకలోనున్న కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అను పద్ధతి మొదట 2004లో వెలువడినది, ఇప్పటి 1.2 రూపము 2010 నాటిది. మనదేశమున జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారి సచేత్ అను ఏర్పాటు ఈ పద్ధతిమీద నడచుచున్నది. అందు ఒక్కొక్క హెచ్చరికకు పంపినవారెవరు, ఎప్పుడు పంపిరి, ఎంత తొందర, ఎంత తీవ్రము, ఎంత నిశ్చయము, ఏ ప్రాంతమునకు, ఎప్పటితో ముగియును అను అరలుండును. ముగియు వేళ యనగా సూచికను దించు వేళయే. మునుపటి హెచ్చరికను మార్చుటకును, రద్దుపరచుటకును గూడ వేరు గుర్తులు కలవు. మరియొక అర, అది నిజమైన హెచ్చరికయా, పరీక్షకు పంపినదా యని చెప్పును. 2023లో దేశమున అనేకుల ఫోనులు ఒక్కమారుగ పెద్దగ మ్రోగి పరీక్షాసందేశము చూపుట సభ్యులకు జ్ఞాపకముండవచ్చును. ఈ యరను చదువని పుట పరీక్షను నిజముగ చూపి ఊరిని పరుగెత్తించును. ముగియు వేళను చదువని పుట దించని సూచిక వంటిది.

వేళను గూర్చియు ఒక మెలకువ యున్నది. శాస్త్రజ్ఞుల ప్రకటనలు అనేకము గ్రీనిచ్ వేళలో నుండును. మన వేళ దానికంటె ఐదున్నర గంటలు ముందు. తిత్లీ తీరమును దాటిన వేళను ఆ లెక్కన వ్రాసిన అక్టోబరు 10 రాత్రి 11 మొదలు 12 గంటలు. ప్రోగ్రాము వ్రాసినవాడు ఐదున్నర గంటలు కూడుట మరచెనేని, తుపాను పదవ తేదీ రాత్రియే దాటిపోవునని తెర చెప్పియుండును. అర్ధరాత్రివరకు మేలుకొని, గండము గడచెనని తలచి, పెంకుటింటిలోనికి మరలి పండుకొన్నవాని గతి యేమి? గాలివేగమును గూడ కొన్ని సేవలు నాట్లలో చెప్పును. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు. 80 అని మాత్రము కనబడిన మనవాడు 80 కిలోమీటర్లనుకొనును, నిజమునకది 148. వాతావరణశాఖవారు మూడు నిమిషముల సగటు గాలిని చెప్పుదురు, అమెరికావారు ఒక నిమిషము సగటును చెప్పుదురు. కనుక రెండు సేవల అంకెలు కలియకున్న ఒకరు అబద్ధమాడిరని యనుకొనరాదు. మన తీరమునకు ప్రమాణము వాతావరణశాఖవారి మాట. తెర దానినే చూపవలయును.

ఇంతవరకు చెప్పినవన్నియు జవాబు వచ్చినపుడు జరుగు తప్పులు. జవాబే రానపుడు ఏమిజేయవలయునన్నదియే నా దృష్టిలో అన్నింటికంటె పెద్ద సంగతి.

ప్రతి సభ్యుడు పుటను తెరచినప్పుడెల్ల దూరపు సేవను అడుగుట భారము. అందుచేత సర్వరు పది నిమిషములకొకమారు అడిగి, వచ్చిన జవాబును దాచియుంచి, అందరికిని ఆ ప్రతినే చూపును. ఇది మంచి పద్ధతియే. కాని సేవ ఆగిపోయినపుడు, లేక నడుమ తీగ తెగినపుడు, చాల ప్రోగ్రాములు ఏమియు చెప్పక ఆ పాత ప్రతినే చూపుచుండును. 2018 అక్టోబరు 9 మధ్యాహ్నము జవాబులు ఆగిపోయిన పుట యొకటి ఉండెననుకొందము. తొమ్మిదవ తేదీ మధ్యాహ్నమునకు తిత్లీ సామాన్యమైన తుపాను. పదవ తేదీ మధ్యాహ్నమునకు అది అతితీవ్ర తుపాను. ఆ పుట పదవ తేదీ రాత్రి గూడ తొమ్మిదవ తేదీ మాటనే, అదే రంగుతో, అదే అందముతో చూపియుండును. చూచినవానికి అది పాతదని తెలియు గుర్తేదియు లేదు. తెర నల్లబడి యున్నచో వాడు పొరుగువానిని అడిగియుండును, రేడియో విప్పియుండును. వెలుగుచున్న తెర వానిని ఇంటనే కూర్చుండబెట్టును.

ఇంతకంటెను సూక్ష్మమైనది మరియొకటి కలదు. దూరపు యంత్రము 200 అను అంకెతో సరియేయని జవాబిచ్చి, లోపల పట్టికను ఖాళీగ పంపుట కద్దు. వారివద్ద ఏదో లోపము కలిగియుండును. మన పుట ఆ ఖాళీని చూచి "హెచ్చరికలు లేవు" అని పచ్చని రంగులో వ్రాయును. హెచ్చరిక లేకుండుట వేరు, హెచ్చరిక యున్నదో లేదో తెలియకుండుట వేరు. జవాబు రానపుడు లైను క్లియరు వచ్చినదని స్టేషనుమాస్టరు వ్రాసికొనిన నెట్లుండునో ఇదియు నట్లే. కాబట్టి పుటకు మూడు మాటలు రావలయును: హెచ్చరిక కలదు, అడిగితిమి, ఏదియు లేదు, అడుగలేకపోతిమి. మూడవ మాట పలుకవలసినపుడు, కడపటి జవాబు ఏ వేళకు వచ్చినదో పెద్ద అక్షరములతో చూపి, మూడు గంటలు దాటిన పాత హెచ్చరికను మబ్బురంగుకు మార్చి, మండల కచేరీనిగాని రేడియోనుగాని అడుగుడని తెలుపవలయును. మూడు గంటలని యేల యంటిననగా, తుపాను దినములలో ప్రకటనల నడుమ వ్యవధి యదియే.

తిత్లీ దాటిన ఉదయమున కరెంటు స్తంభములు విరిగి, ఫోనులు మూగవోయి, ఉద్దానపు ఊళ్లు ఒకదానికొకటి తెలియకుండెను. అట్టి వేళకు ఏ వెబ్ అప్లికేషనును పనికిరాదు. ఎంత మంచిదైనను పనికిరాదు. దాని పని యంతయు అంతకుముందు రెండు దినములలోనే. అందుచేత పదవ తేదీ సాయంకాలము వంటి వేళను వచ్చిన ప్రకటనను కాగితముమీద అచ్చుతీసి, వేళ వ్రాసి, సంఘపు గోడకు అంటించుట కార్యదర్శిగారి విధులలో చేర్చుట మంచిది. కాగితమునకు కరెంటు అక్కరలేదు, తేదీ దానిమీదనే యుండును.

ఇక డబ్బు సంగతి. పుటను చేయించుకొను సంఘములు సొమ్ములో కొంతభాగమును నిలుపుకొని, తయారుచేసినవారిని కచేరీకి పిలిచి, పంచాయతీదారులందరియెదుట ఒక పరీక్ష చేయవలయును. పుటను ఫోనులోను, కంప్యూటరులోను తెరచియుంచుడు. సర్వరు బయటి సేవను అడుగు దారిని వారిచేతనే మూయించుడు. అరగంట కూర్చుండుడు, తేనీరు త్రాగుడు. ఆ పిమ్మట తెరమీద ఏమున్నదో చూడుడు. అంకెలు మునుపటివలెనే మెరయుచుండి, పాతబడినట్లు గుర్తేదియు లేకున్నచో, మిగిలిన సొమ్మును ఈయక దిద్ది తెమ్మనుడు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చినవి. పరీక్షను సెప్టెంబరు నెలలోనే ముగించుకొనుడు.